ఎండిన నదుల పీఠభూమి

సహారా అనగానే ఎవరి మనసులోనైనా మెదిలేది ఇసుక. కనుచూపు మేర ఇసుక తిన్నెలు, మండుటెండ, తీరని దాహం. అటువంటి ఎడారి నడుమ, అల్జీరియా దేశపు ఆగ్నేయ భాగంలో ఒక పర్వతశ్రేణి ఉంది. దాని పేరు తస్సిలి నజ్జేర్. ఆ ప్రాంతంలో నివసించే తువారెగ్‌ల భాషలో ఈ పేరుకు 'నదుల పీఠభూమి' అని అర్థం చెబుతారు. వానచుక్కకు ముఖం వాచిన నేలకు నదుల పేరు ఎలా వచ్చింది? ఈ ప్రశ్నకు సమాధానం అక్కడి శిలల మీదనే ఉంది.

తస్సిలి సుమారు 72,000 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన ఇసుకరాతి పీఠభూమి. ఒకనాటి నీటి ప్రవాహాలు, అనంతరం వీచిన గాలులు ఆ రాతిని కోసి స్తంభాలుగా, తోరణాలుగా మలిచాయి. దూరం నుంచి చూసేవారికి అది రాతి అడవిలా తోస్తుంది. ఆ శిలల అడుగుభాగాన గూళ్ళవంటి చూరులున్నాయి. ఎండ తగలని ఆ నీడలలో ఆదిమానవులు జేగురు రాయి నూరి బొమ్మలు గీశారు. బయటి రాళ్ళపై రేఖలు చెక్కారు. అటువంటి చిత్రాలు, చెక్కడాలు 15,000కు పైగా ఉన్నాయి. 1982లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఈ చిత్రాలను వరుసగా చూస్తే ఒక నేల జీవితచరిత్ర కళ్ళకు కడుతుంది. తొలినాటి చెక్కడాలలో ఏనుగులు, ఖడ్గమృగాలు, జిరాఫీలు, నీటిగుర్రాలు కనిపిస్తాయి. మరికొన్ని చోట్ల ముఖకవళికలు లేని గుండ్రని తలల మనుషులున్నారు. సెఫార్ అనే చోట అటువంటి ఒక మహాకాయుని చిత్రం దాదాపు మూడు మీటర్ల ఎత్తున నిలిచి ఉంది. తరువాతి కాలంలో పశువుల మందలు, వాటి కాపరులు, గుడిసెలు, సంసారాలు వస్తాయి. సుమారు 3,000 ఏళ్ళ కిందట గుర్రాలు, రథాలు ప్రవేశిస్తాయి. చిట్టచివర మిగిలేది ఒంటె ఒక్కటే. నీటిగుర్రంతో మొదలైన కథ ఒంటెతో ముగిసింది!

ఇది చిత్రకారుల కల్పన కాదు. సుమారు 11,000 ఏళ్ళ కిందటి నుంచి 5,000 ఏళ్ళ కిందటి వరకు సహారాలో విస్తారంగా పచ్చిక బయళ్ళు, సరస్సులు ఉండేవి. భూమి కక్ష్యలోను, అక్షం వంపులోను నెమ్మదిగా వచ్చిన మార్పుల వల్ల ఆనాడు రుతుపవనాలు అంత దూరం చేరేవి. ఆ మార్పులు తిరుగుముఖం పట్టగానే వానలు వెనుదిరిగాయి. ఆ తడికాలానికి మిగిలిన సాక్షులు తరూత్ వృక్షాలు. దేవదారు వంటి ఈ చెట్లు సహజంగా పెరిగేది ఈ పీఠభూమి మీదనే. ఇప్పుడున్నవి కొన్ని వందలు మాత్రమే.

జానెత్ పట్టణ సమీపంలో ఒక బండపై చెక్కిన ఆవుల కళ్ళ కింద కన్నీటి బొట్లు కనిపిస్తాయి. మందను తోలుకొని వచ్చిన కాపరి ఎండిన నీటిబుగ్గను చూసి ఆ బొమ్మ చెక్కాడని స్థానికులు చెప్పుకొంటారు. కథ నిజమైనా కాకపోయినా, నీరు పోయిన నేల దుఃఖం అందులో ఉంది.

1933లో బ్రెనాన్ అనే ఫ్రెంచి సైనికాధికారి ఇక్కడి ఒక లోయలో జంతువుల చెక్కడాలను గమనించాడు. 1956లో ఆన్రీ లోత్ అనే పరిశోధకుడు చిత్రకారుల బృందంతో వచ్చి, నెలల తరబడి శ్రమించి వందలాది ప్రతులు తయారుచేయించాడు. పారిస్‌లో వాటిని ప్రదర్శించగా లోకం విస్తుపోయింది. అయితే వెలసిన రంగులు స్పష్టంగా కనిపించడానికి ఆ బృందం చిత్రాలను నీటితో తడిపింది. దానితో కొన్ని చిత్రాలు శాశ్వతంగా పాడయ్యాయి. పైగా ఆ ప్రతులలో కొన్ని, అసలు శిలపై లేని బొమ్మలని తరువాత తేలింది. ప్రతి ఎన్నటికీ మూలానికి బదులు కాజాలదు.

వేల ఏళ్ళ ఎండకు, గాలికి తట్టుకొని నిలిచిన చిత్రాలు మెచ్చుకొన్నవారి చేతి తడికి చెదిరిపోయాయి. ప్రాచీన సంపదను ప్రేమించడం ఒక్కటే చాలదు; దానిని తాకకుండా ప్రేమించడం నేర్వాలి. నదులు తిరిగి రాకపోవచ్చు. వాటి జ్ఞాపకాన్ని దాచిన రాళ్ళు మాత్రం మనుషుల సంయమనం ఉన్నంతకాలం నిలుస్తాయి.

అర్థాలు

పీఠభూమి = ఎత్తైన సమతలం
జేగురు = ఎర్రని ఖనిజపు మన్ను
మహాకాయుడు = పెద్ద శరీరం కలవాడు
ప్రతి = నకలు
సంయమనం = నిగ్రహం

ప్రశ్నలు

1. తస్సిలి శిలాచిత్రాలు సహారా వాతావరణ చరిత్రను ఎలా తెలుపుతున్నాయో వివరించండి.
2. 'కన్నీరు కార్చే ఆవుల' చెక్కడం గురించి స్థానికులు చెప్పుకొనే కథ ఏమిటి?
3. తస్సిలి చిత్రాలకు హాని ఎలా జరిగింది? దాని నుంచి నేర్వవలసినది ఏమిటి?