మూలికా వైద్యం – జవాబుదారు ఎవరు?

గత ఏడాది మహబూబాబాద్ జిల్లాలోని ఓ పల్లె మస్జిద్‌లో జుమా ప్రసంగం చేస్తూ నల్ల జీలకర్ర (కలోంజీ) ఘనత గురించి మాట్లాడాను. మరణం తప్ప ప్రతి వ్యాధికీ అందులో స్వస్థత ఉందన్న భావం గల హదీసు వినిపించాను. మందుల షాపులకు డబ్బు పోసే బదులు ప్రవక్త (సఅసం) సంప్రదాయాన్ని ఆశ్రయించండని హితవు చెప్పి మింబర్ దిగాను. అందరూ మెచ్చుకున్నారు.

నాలుగు నెలల తర్వాత మళ్లీ అక్కడికి వెళ్లాను. వుజూ చేసే చోట ఓ పెద్దాయన కాలికి కట్టుతో కూర్చుని ఉన్నారు. ఆయనకు పన్నెండేళ్లుగా షుగర్. నా ప్రసంగం విన్న వారంలోనే అంగడిలో ఒకతని దగ్గర కలోంజీ, పొడపత్రి కలిపిన పొడి కొనుక్కుని మాత్రలు మానేశారట. చివరకు రెండు కాలి వేళ్లు తీసేయాల్సి వచ్చింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "మౌలానా సాబ్, నా యఖీన్‌లో ఏమైనా లోపం ఉందంటారా?" అని మాత్రం అడిగారు.

ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. ఈ పాఠం ఆయన కోసమే కాదు, నా కోసం కూడా.

ముందుగా హదీసు సంగతి చూద్దాం. అది బుఖారీలో ఉన్న ప్రామాణిక హదీసు, అందులో సందేహం లేదు. అయితే హదీసును వినిపించే మనం దాని ముందున్న సంఘటనను వదిలేస్తుంటాం. గాలిబ్ బిన్ అబ్జర్ అనే ఆయన ప్రయాణంలో జబ్బుపడ్డారు. ఆయన్ని చూడడానికి వచ్చిన ఇబ్నె అబీ అతీఖ్ ఐదు లేక ఏడు గింజలు తీసుకుని నూరి, నూనెలో కలిపి, ముక్కు రంధ్రాల్లో చుక్కలుగా వేయమన్నారు. హజ్రత్ ఆయిషా (రజి) నోట తాను విన్న ప్రవక్త మాటను ఆ తర్వాతే ఉల్లేఖించారు. గమనించండి. గింజల లెక్క ఉంది, నూరే పద్ధతి ఉంది, ఎక్కడ వేయాలో ఉంది. 'డబ్బా తెచ్చుకుని చెంచాలకొద్దీ తినండి' అని ఆయన అనలేదు.

ఇక 'ప్రతి వ్యాధి' అన్న మాట. ఇమామ్ ఖత్తాబీ వంటి పండితులు అది అన్ని జబ్బులనూ ఉద్దేశించినది కాదనీ, ఆ గింజ స్వభావానికి లొంగే జబ్బులకు సంబంధించినదనీ వివరించారు. ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మలై) దీనికి చక్కటి ఉదాహరణ ఇచ్చారు. అహ్‌ఖాఫ్ సూరాలో ఆద్ జాతిపైకి వచ్చిన గాలి ప్రతి దాన్నీ నాశనం చేస్తుందని ఉంది. అదే ఆయతులో వారి ఇళ్లు మాత్రం మిగిలి కనిపించాయనీ ఉంది. అంటే 'ప్రతి' అనే పదానికి అరబీలో సందర్భాన్ని బట్టి హద్దు ఉంటుంది. మదరసాలో ఈ చర్చ నేను చదివాను, పరీక్షలో రాశాను కూడా. మింబర్ ఎక్కగానే మరిచిపోయాను!

ఇప్పుడు మన అడవుల వైపు వద్దాం. 2016లో పాత వరంగల్ జిల్లా నుంచి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు వేరుపడ్డాయి. జనగామ మెట్ట నేల, అక్కడ తంగేడే ఎక్కువ. గూడూరు, కొత్తగూడ దాటితే, ఇటు మహదేవపూర్ వైపు వెళితే అడవి వస్తుంది. కరక్కాయ, తానికాయ, ఉసిరి, తిప్పతీగ, ముష్టి, నల్లజీడి – ఇవన్నీ అక్కడివే. గిరిజన సహకార సంస్థ కోయ సోదరుల దగ్గర ముష్టి గింజలు, చిల్లగింజలు, తేనె కొంటుంది. చిల్లగింజను కుండ లోపల అరగదీస్తే బురద నీరు తేరుకుంటుందని మన పెద్దలందరికీ తెలుసు.

యునానీ హకీములు ఈ అడవిని పరాయిగా చూడలేదు. కరక్కాయను వారు హలీలా అన్నారు. కరక్కాయ, తానికాయ, ఉసిరి కలిసిన త్రిఫల అరబ్బుల దాకా వెళ్లి 'ఇత్రీఫల్' అయ్యి, తిరిగి మన హకీముల డబ్బాల్లోకి వచ్చింది.

కానీ పేర్ల దగ్గరే ప్రమాదం పొంచి ఉంది. మా దగ్గర కిరాణా కొట్టులో నల్ల జీలకర్ర అడిగితే ఒకరు కలోంజీ ఇస్తారు, మరొకరు షాజీరా ఇస్తారు. రెండూ వేర్వేరు మొక్కలు. నేలవేమును కొందరు చిరాయతా పేరుతో అమ్ముతారు. అది కూడా వేరే మొక్కే. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని రాశారు. తిప్పతీగను పోలిన వేరే తీగ వాడి ఉంటారని ఆయుష్ మంత్రిత్వ శాఖ బదులిచ్చింది. ఎవరి మాట సరైనదైనా, కరోనా కాలంలో గోడ మీద పాకిన తీగనల్లా తెంపి కషాయం కాచిన మనకు అందులో పాఠం ఉంది. వెయ్యేళ్ల క్రితమే అల్‌బిరూనీ తన చివరి రోజుల్లో మందుల మీద ఓ గ్రంథం రాస్తూ, ఒక్కో మందుకు అరబీ, ఫారసీ, యూనానీ, భారతీయ భాషల్లో ఉన్న పేర్లను ఓపిగ్గా సేకరించి పెట్టారు. పేరు తప్పితే ప్రాణం తప్పుతుందని ఆ కాలం వారికి తెలుసు.

పేరు సరిగ్గా తెలిసినా సరిపోదు. ముష్టి గింజను యునానీలో అజారాఖీ, వాడుకలో కుచ్లా అంటారు. అది విషం. హకీములు దాన్ని రోజుల తరబడి నానబెట్టి, పైపొట్టు ఒలిచి, లోపలి మొలక తీసేసి, పాలలో ఉడికించిన తర్వాతే అతి తక్కువ మోతాదులో వాడతారు. పచ్చి గింజ మనిషిని చంపగలదు. నల్లజీడి కూడా అంతే, దాని రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. చాకలివారు బట్టలకు గుర్తు పెట్టేది దాంతోనే. అరబీలో దాని పేరు బలాజుర్. 'ఫుతూహుల్ బుల్దాన్' రాసిన చరిత్రకారుడు బలాజురీ ఇంటిపేరు అక్కడిదే. జ్ఞాపకశక్తి కోసం దాని రసం తాగి మతి పోగొట్టుకున్నారని చెబుతారు – ఆయనే అని కొందరు, ఆయన తాత అని కొందరు. హిఫ్జ్ చేసే పిల్లలకు 'జ్ఞాపకశక్తి మాజూన్' అని ఎవరేది తెచ్చినా తినిపించే తల్లిదండ్రులు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

అలాగని మూలికలన్నీ మోసం అనుకోకండి. నాకు సర్పగంధ కథ చాలా ఇష్టం. హకీములు అస్రోల్ పేరుతో ఆ వేరును ఎన్నో తరాలుగా వాడారు. ఢిల్లీలో హకీమ్ అజ్మల్ ఖాన్ సాహెబ్ దాన్ని పరీక్షించాలని తలచి, ఆ పని సలీముజ్జమాన్ సిద్దీఖీ అనే యువ రసాయన శాస్త్రవేత్తకు అప్పగించారు. హకీమ్ సాహెబ్ 1927లో కన్నుమూశారు. 1931లో సిద్దీఖీ ఆ వేరు నుంచి ఓ పదార్థాన్ని వేరుచేసి, గురువు పేరిట 'అజ్మలీన్' అని పేరు పెట్టారు. అది గుండె లయకు సంబంధించిన మందయింది. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటుపై సర్పగంధ ప్రభావాన్ని ప్రపంచానికి తెలియజేశారు. 1952లో స్విట్జర్లాండ్‌లో అదే వేరు నుంచి రిసర్పిన్ తీశారు. కొందరు రోగులు దాంతో తీవ్రమైన దిగులుకు లోనవుతున్నారని తర్వాత తెలిసింది, మోతాదులు తగ్గించారు.

చైనాలోనూ ఇలాగే జరిగింది. మలేరియాకు మందు వెతుకుతున్న తూ యూయూ అనే శాస్త్రవేత్రి పదహారు వందల ఏళ్లనాటి ఓ వైద్య గ్రంథంలో, ఒక మూలికను నీళ్లలో నానబెట్టి పిండుకోవాలని చదివారు. మరిగించమని అందులో లేదు. వేడికి గుణం పోతోందని ఆమెకు అప్పుడు తట్టింది. ఆమెకు 2015లో నోబెల్ వచ్చింది. మన అడవి పల్లెల్లో ఫాల్సిపారం మలేరియా వస్తే సర్కారు ఆసుపత్రిలో ఇచ్చే మందులో ఉండేది ఆ మూలిక సత్తువే. అజ్మల్ ఖాన్ సాహెబ్ గానీ ఆమె గానీ పాత గ్రంథాన్ని తోసిపుచ్చలేదు. పరీక్షించకుండా రోగి నోట్లోనూ పోయలేదు.

షరీఅత్ కోరేదీ ఇదే. వైద్యం తెలియనివాడు వైద్యానికి దిగి హాని చేస్తే అతనే జామిన్, అంటే నష్టానికి బాధ్యుడు అనే భావం గల హదీసు అబూదావూద్, నసాయీ, ఇబ్నెమాజాలలో ఉంది. దీని ఆధారంగా ఫుఖహా పరిహారం విధించారు. హజ్రత్ సఅద్ (రజి) జబ్బుపడినప్పుడు దైవప్రవక్త (సఅసం) ఆయన్ని హారిస్ బిన్ కల్దా అనే వైద్యుని దగ్గరికి వెళ్లమన్నారు. దుఆ చేయగలిగిన ప్రవక్తే వైద్యం తెలిసినవాని దారి చూపారు.

మరి ఖతీబు సంగతేమిటి? నేను మందు ఇవ్వలేదు, అమ్మలేదు కూడా. ఫిఖ్‌హ్ పుస్తకాల ప్రకారం నామీద పరిహారం రాకపోవచ్చు. కానీ మాత్రలు మానేయడానికి ఆయనకు ధైర్యం ఇచ్చింది నా మాటే. ఆ లెక్క నుంచి నన్ను తప్పించే వాదన ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

పెద్దాయనకు చెప్పాను: "చాచా, మీ యఖీన్‌లో లోపం లేదు. లోపం నా ప్రసంగంలో ఉంది." ఆ జుమా రోజు మింబర్ మీదే ఆ మాట చెప్పాను. మూలికలు వాడదలచినవారు బి.యు.ఎం.ఎస్. చదివిన హకీమును గానీ, హైదరాబాద్‌లో చార్మినార్ పక్కనున్న నిజామియా ఆసుపత్రిని గానీ అడగాలనీ, వాడుతున్న మాత్రల చీటీ చూపించాలనీ, డాక్టరుకు చెప్పకుండా ఏదీ మానకూడదనీ చెప్పాను. ఆయన మిగిల్చిన పొడి పొట్లాన్ని తెలిసిన హకీము ఒకాయనకు చూపించాను. వాసన చూసి, నాలుకకు రాసుకుని, కలోంజీ ఉంది, మిగతావి ఏమిటో చెప్పలేనన్నారు.

చాచా ఇప్పుడు ఇన్సులిన్ తీసుకుంటున్నారు. డాక్టరును అడిగి, ఉదయం రొట్టెతో పాటు ఏడు కలోంజీ గింజలు నములుతున్నారు.