డ్రైవర్ కోడ్‌ను శుభ్రం చేయడమంటే ఏమిటి?

మౌస్, ప్రింటర్, నెట్‌వర్క్ కార్డు వంటి పరికరాలకూ, ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య దుబాసీగా ఉండే ప్రోగ్రామే డివైస్ డ్రైవర్. లినక్స్‌లో చాలా డ్రైవర్లు కెర్నల్‌లో భాగంగానే నడుస్తాయి. మామూలు ప్రోగ్రాములో తప్పుంటే ఆ ప్రోగ్రామే ఆగిపోతుంది. డ్రైవర్‌లో తప్పుంటే కంప్యూటర్ మొత్తం స్తంభించిపోవచ్చు.

1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థిగా ఉండగా లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఈ కెర్నల్ కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, సవరణ పంపవచ్చు. 2008లో గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ ఇందులో 'స్టేజింగ్' అనే విభాగాన్ని ఏర్పాటు చేశారు. పని చేస్తున్నా, రాత బాగాలేని డ్రైవర్లను ముందు అక్కడ ఉంచుతారు. ఏమేమి సరిచేయాలో పక్కనే 'టూడూ' అనే ఫైలులో రాసి పెడతారు. సి భాష నేర్చుకున్న విద్యార్థికి ఇంతకు మించిన ప్రయోగశాల లేదని నా అభిప్రాయం.

శుభ్రం చేయడమంటే ఖాళీలు, వరుసలు సరిదిద్దడమే అని చాలామంది అనుకుంటారు. ఆ లోపాలను 'చెక్‌ప్యాచ్' అనే స్క్రిప్టే పట్టిస్తుంది. కానీ అది చెప్పిందల్లా గుడ్డిగా మార్చకూడదు. పరికరం మన దగ్గర లేకపోతే మార్పును పరీక్షించి చూసే వీలుండదు. అందుకే ఒక ప్యాచ్‌లో ఒకే రకమైన మార్పు ఉండాలంటారు.

అసలు పని లోపల ఉంటుంది. పరికరం దొరకగానే కెర్నల్ డ్రైవర్‌లోని 'ప్రోబ్' ఫంక్షన్‌ను పిలుస్తుంది. అది మెమరీ తీసుకుంటుంది, క్లాక్‌ను ఆన్ చేస్తుంది, ఆ తరువాత ఇంటరప్ట్ కోసం అడుగుతుంది. ఈ మూడోది దొరకలేదనుకోండి. నాసిరకం డ్రైవర్ ఎర్రర్ నంబరు ఇచ్చి ఊరుకుంటుంది. తీసుకున్న మెమరీ తిరిగి రాదు, క్లాక్ ఊరికే నడుస్తూ ఉంటుంది. మళ్ళీ ప్రయత్నించినప్పుడల్లా మరికొంత మెమరీ పోతుంది. మంచి డ్రైవర్ ఎక్కిన మెట్లనే వెనక్కి దిగుతుంది: ముందు క్లాక్‌ను ఆపుతుంది, తరువాత మెమరీని వదులుతుంది. ఇందుకు 'గోటో' వాడతారు. గోటో జోలికి పోవద్దని క్లాసులో చెబుతారు గానీ, కెర్నల్ శైలి నియమాలు ఇక్కడ దాన్నే సూచిస్తాయి! 'డెవ్ఎమ్' అని మొదలయ్యే ఫంక్షన్లతో తీసుకుంటే, ప్రోబ్ విఫలమైనప్పుడు కెర్నలే వాటిని వెనక్కి తీసుకుంటుంది.

స్టేజింగ్‌లోకి వచ్చినవన్నీ బాగుపడలేదు. సూపర్ కంప్యూటర్లలో వాడే లస్టర్ అనే ఫైల్ సిస్టమ్ (ఇది డ్రైవర్ కాదు) 2013లో అక్కడికి చేరింది. పైపై సవరణలు చాలానే వచ్చాయి. అసలు అభివృద్ధి మాత్రం కెర్నల్ బయటి కోడ్‌లోనే సాగింది. 2018లో దాన్ని తొలగించారు.