అర్థము – అర్ధము: ప్రాథమికోన్నత తరగతులలో వర్ణక్రమ బోధన

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల బాలబాలికలు ‘విద్యార్థి’ శబ్దమును ‘విద్యార్ధి’ యని వ్రాయుట తరచు కానవచ్చును. తమ పేరునే తాము తప్పు వ్రాయుట యన్నమాట! వాడుక పలుకుబడిలో థకార ధకారముల భేదము సన్నగిల్లినందున చెవి సాక్ష్యము చాలదు. ఉక్తలేఖనము నూరుసార్లు చేయించినను ఫలము స్వల్పమే. పదవిభాగమే శరణ్యము. విద్యా + అర్థి, విద్యను కోరువాడు. శరణ + అర్థి, ప్ర + అర్థన అనువానియందును ఇదే సవర్ణదీర్ఘము. అభి + అర్థి యందు మాత్రము యణాదేశము. ఇట్లు అర్థము, వర్ణక్రమము, సంధి ఒక్క పాఠముననే కుదురును. సంధి పేరు చివర చెప్పిన చాలును. ముందుగా సూత్రమును వల్లె వేయించుట ఈ వయసున భారము. సగమును తెలుపు అర్ధశబ్దమును మరునాడు అర్ధరాత్రము, అర్ధచంద్రుడు, అర్ధనారీశ్వరుడు అను పదములతో చూపవలెను. ‘అంతర్ధానము’ ఈ రెండింటను చేరదు; అది ధాధాతుజన్యము గనుక ఎనిమిదవ తరగతికి విడుచుట మేలు.