మూడు నెలల షుగరు రిపోర్టులో ఆ గ్రాఫు ఎందుకు?



షుగరు వ్యాధి ఉన్నవారికి డాక్టరుగారు వ్రాసే హెచ్‌బిఎ1సి పరీక్షను మనవారు ‘మూడు నెలల షుగరు’ అంటారు. చాలామంది రిపోర్టులో అంకె చూసుకొని, కొండల వరుసలాగా గీసి ఉన్న గ్రాఫు కాగితాన్ని పారేస్తున్నారు. దయచేసి పారవేయవద్దు.

సుద్దముక్క అడుగున స్కెచ్ పెన్ను సిరా చుక్క పెట్టి నీళ్ళలో నిలబెడితే, నీరు పైకి పాకుతూ రంగులను విడదీస్తుంది. పిల్లలతో ఇంట్లో చేయించి చూడండి. దీనినే క్రొమటోగ్రఫీ అంటారు. ఆకుల రంగులను ఇలా విడదీసిన రష్యా శాస్త్రవేత్త త్స్వెట్ 1906లో ఈ పేరు పెట్టారు. ఈ పరీక్షకు చాలా ల్యాబులలో వాడే హెచ్‌పిఎల్‌సి మిషనులో సుద్దకు బదులు సన్నని గొట్టం ఉంటుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలు ఒక్కొక్కటి ఒక్కొక్క సమయానికి ఆ గొట్టం దాటి వస్తాయి. వచ్చేటప్పుడు దీపపు కాంతిని అడ్డుకుంటాయి. ఆ అడ్డే గ్రాఫులో కొండగా కనిపిస్తుంది. చక్కెర అంటిన హిమోగ్లోబిన్‌ది చిన్న కొండ. మొత్తంలో దాని వాటా ఎంతో అదే మీ శాతం. 6.5 గాని అంతకు మించి గాని ఉంటే షుగరు వ్యాధిగా లెక్క.

చిక్కంతా ఆ చిన్న కొండ దగ్గరే. దీపం మిణుకు, పంపు అదురు, గది వేడి, ఇవన్నీ గీతను వణికిస్తాయి. ఏలీయా ప్రవక్త హోరేబు కొండ మీద గాలి, భూకంపం, అగ్ని దాటిన తరువాత గాని చిన్న స్వరాన్ని వినలేదు కదా! మిషనుదీ ఇంచుమించు అదే పని. ఒకే చోట 16 సార్లు కొలిచి సగటు తీస్తే, క్రమం లేని ఆ వణుకు నాలుగో వంతుకు తగ్గుతుంది. పక్కపక్క కొలతలను కలిపి గీతను నునుపు చేసే లెక్కను 1964లో సావిట్జ్‌కీ, గోలే అనేవారు ప్రకటించారు. వణుకుకు మూడు రెట్లు ఎత్తుంటే పదార్థం ఉన్నదనీ, పది రెట్లుంటేనే ఎంత ఉన్నదో చెప్పవచ్చనీ ల్యాబులలో ఒక వాడుక ఉంది. అయితే మరీ నునుపు చేస్తే చిన్న కొండ కూడా చదునైపోతుంది. రెండు కొండలు కలిసిపోతే కంప్యూటరు వాటి మధ్య గీత గీస్తుంది గాని, అది అంచనాయే. అందుకే గ్రాఫును మనిషి కన్ను చూడాలి.

మన ఎగువన పాడేరు, అరకు ఏజెన్సీలో సికిల్ సెల్ లక్షణం ఉన్న కుటుంబాలున్నాయి. తల్లి నుండి, తండ్రి నుండి కూడా ఆ లక్షణం వచ్చి జబ్బు ఉన్నవారిలో మామూలు హిమోగ్లోబిన్ ఉండదు గనుక ఈ పరీక్ష పనికిరాదు. ఒక్కరి నుండే వచ్చినవారికి గ్రాఫులో అదనంగా ఒక కొండ వస్తుంది. కొన్ని పద్ధతులలో దానివలన అంకె తప్పుతుంది. తప్పు అంకెను నమ్మి ఇన్సులిన్ పెంచితే షుగరు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

కనుక రక్తం ఇచ్చే ముందే మాకు చెప్పండి: ఇంట్లో సికిల్ సెల్ ఉందా, ఈ మూడు నెలలలో రక్తం ఎక్కించారా, రక్తహీనత గాని కిడ్నీ జబ్బు గాని ఉందా అని. రిపోర్టులో అంకెకు బదులు ‘చెప్పలేము’ అని వస్తే గ్రాఫుతో సహా డాక్టరుగారికి చూపించండి. పరగడుపు, భోజనం తరువాత షుగర్లు గాని, ఫ్రక్టోసమిన్ పరీక్ష గాని చూసి మందు నిర్ణయిస్తారు. హెచ్‌బిఎ1సికి మాత్రం పరగడుపున రానక్కరలేదు, టిఫిను తినే రండి.