భాష రాకపోయినా లేబుల్ చదవొచ్చు

ఫారిన్ లేబుల్ అనగానే కొరియన్ నూడుల్స్, కువైట్ నుంచి వచ్చిన చాక్లెట్లు గుర్తొస్తాయి. కానీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 నిబంధనల ప్రకారం మన దేశంలో ప్యాకెట్ వివరాలు ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఉంటే చాలు. తెలుగు అదనంగా వేయొచ్చు, తప్పనిసరి కాదు. అంటే తెలుగు మాత్రమే చదవగలిగే అవ్వకి మన వీధి అంగడిలోని బిస్కెట్ ప్యాకెట్ కూడా ఫారిన్ లేబులే. ఆమెకి షుగరో బీపీయో ఉంటే ఇది చిన్న విషయం కాదు. అందుకే అక్షరాలు వదిలేసి అంకెలతో చదవడం నేర్చుకుందాం.

1. యూనిట్ చూడండి

మనం మాటల్లో కేలరీ అనేది నిజానికి కిలోకేలరీ. యూరప్ లేబుళ్ల మీద ముందు కిలోజౌల్, తర్వాత కిలోకేలరీ ఉంటాయి. 1 కిలోకేలరీ అంటే 4.184 కిలోజౌల్స్. కాబట్టి 1925 అని కనిపిస్తే భయపడక్కర్లేదు. 4.184తో భాగిస్తే 460.

2. ఎంతకి?

ఆ 460 దేనికి? యూరప్‌లో 100 గ్రాములకి లెక్క తప్పనిసరి. అమెరికాలో ఒక సర్వింగ్‌కి ఇస్తారు. 30 గ్రాముల సర్వింగ్‌కి 138 అని రాసి ఉండి ప్యాకెట్ 150 గ్రాములైతే, మొత్తం తిన్నప్పుడు 690.

3. చెక్‌సమ్ వేయండి

ఒక గ్రాము ప్రొటీన్‌కి 4, పిండి పదార్థానికి 4, కొవ్వుకి 9 కిలోకేలరీలు. ఇప్పుడు అర్థంకాని లేబుల్ మీద 460 పక్కన 10, 20, 60 గ్రాములు ఉన్నాయనుకోండి. కొవ్వు ఏది? బ్రూట్ ఫోర్స్ చేద్దాం. 10 కొవ్వయితే మొత్తం 410. 60 అయితే 660. 20 అయితే సరిగ్గా 460. దొరికింది! పీచు ఉంటే కొంచెం తేడా రావొచ్చు.

ప్రొటీన్‌కీ పిండి పదార్థానికీ రెండింటికీ 4 కాబట్టి వాటిని ఈ లెక్క విడదీయలేదు. అక్కడ వరస సాయం చేస్తుంది. జపాన్‌లో శక్తి, ప్రొటీన్, కొవ్వు, పిండి పదార్థం, ఉప్పు. యూరప్‌లో శక్తి, కొవ్వు, అందులో సంతృప్త కొవ్వు, పిండి పదార్థం, అందులో చక్కెర, ప్రొటీన్, ఉప్పు. "అందులో" అన్నవి పై వరసలో కలిసే ఉన్నాయి, మళ్లీ కూడకండి.

4. అరబిక్ అంకెలతో జాగ్రత్త

గల్ఫ్ ప్యాకెట్ల మీద ఇంగ్లిష్ లేకపోతే ఇది పనికొస్తుంది. మన సున్నలా గుండ్రంగా ఉండేది అక్కడ 5. చుక్క పెడితే సున్న. ఇంగ్లిష్ 'వి' లాంటిది 7, దాన్ని తలకిందులు చేస్తే 8. అక్షరాలు కుడి నుంచి ఎడమకి పోయినా అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచే చదవాలి.

5. షుగర్, బీపీ ఉన్నవాళ్లకి

షుగర్ ఉన్నవాళ్లు చక్కెర వరస ఒక్కటే చూస్తే చాలదు, మొత్తం పిండి పదార్థం చూడాలి. "షుగర్ ఫ్రీ" బిస్కెట్‌లో చక్కెర లేకపోయినా పిండి ఉంటుంది కదా! బీపీ ఉంటే ఉప్పు చూడాలి. మన లేబుల్ మీద సోడియం మిల్లీగ్రాముల్లో, యూరప్‌లో ఉప్పు గ్రాముల్లో ఇస్తారు. సోడియంని 2.5తో గుణిస్తే ఉప్పు వస్తుంది. మన లేబుళ్లు రోజుకి 2000 మిల్లీగ్రాముల సోడియం లెక్కన శాతాలు వేస్తాయి, అంటే 5 గ్రాముల ఉప్పు.

ఈసారి ఇంటికి పోయినప్పుడు ఒక ప్యాకెట్ తీసుకుని పిండి పదార్థం, సోడియం వరసల కింద పెన్నుతో గీత గీసి అవ్వకి చూపించండి. బస్సు నంబర్, ఫోన్ నంబర్ చదివే మనిషికి ఆ రెండు అంకెలు చదవడం కష్టమేం కాదు.