గామీట్ అనే మాటకు పెళ్ళితో ఏం పని?

పిల్లలూ! జీవశాస్త్ర పాఠంలో గామీట్, క్రిప్టోగాములు, ఫానెరోగాములు అనే పేర్లు చదివే వుంటారు. నోరు తిరగక విసుక్కునీ వుంటారు. నిజానికి ఈ మూడింటికీ మూలం ఒక్కటే. అది ప్రాచీన గ్రీకు భాషలో పెళ్ళాడడాన్ని తెలిపే ‘గమెఓ’ అనే క్రియ.

ఈ క్రియలో ఒక వింత వుంది. అతడు పెళ్ళాడుతున్నాడు అనడానికి ‘గమెయి’ అనేవారు. ఆమె అయితే ‘గమెయితై’. పెళ్ళి జరిగిపోతే అతడికి ‘ఎగేమె’, ఆమెకు ‘ఎగేమతో’. మొదటిది పని చేసేవారి రూపం. రెండవది తమకు జరిపించుకొనేవారి రూపం. మన ‘వండు’, ‘వండుకొను’ మాటల మధ్య తేడా వంటిదన్నమాట! తరువాతి కాలపు గ్రీకులో స్త్రీకి కూడా మొదటి రూపం వాడసాగారు.

గ్రీకులను చూసి నవ్వకండి. తెలుగులో ‘పెళ్ళి చేసుకొను’ అన్నది ఇద్దరికీ ఒకటే. కాని ‘అమ్మాయిని ఏ వూరికి ఇచ్చారు?’ అని అడుగుతాం. అబ్బాయిని గురించి అలా అడుగుతామా?

ఈ క్రియకు చుట్టమైన ‘గమెతేస్’ అంటే భర్త, ‘గమెతే’ అంటే భార్య. రెండు కణాలు కలిసి కొత్త జీవి మొదలవుతుంది కదా! అలా కలిసే ఒక్కొక్క కణానికి శాస్త్రజ్ఞులు గామీట్ అని పేరు పెట్టారు. మన పుస్తకాల్లో అదే సంయోగబీజం.

1735లో లిన్నేయస్ మొక్కలను 24 తరగతులుగా విభజించాడు. పువ్వులు కనిపించని ఫెర్న్‌లు, నాచులు వంటివాటిని చివరి తరగతిలో చేర్చి, ‘క్రిప్టోగామియా’ అన్నాడు. అంటే రహస్య వివాహం! ఫెర్న్‌లలో, మాస్ మొక్కలలో ఈ రహస్యమేమిటో 1851లో హాఫ్‌మైస్టర్ వివరంగా చూపించాడు. ‘ఫానెరో’ అంటే కనిపించేది. కనుక పువ్వులు పూసేవి ఫానెరోగాములు.

బడంగ్‌పేట్ చుట్టుపక్కల తాటిచెట్టు కనిపిస్తే ఆగి చూడండి. పోతుతాడు వేరు, కాయలు కాసే తాడు వేరు. పోతుతాడు కాయదు. అయినా దాని పుప్పొడి అందితేనే రెండో చెట్టు కాయలో మొలకెత్తే విత్తనం తయారవుతుంది.

మనుషుల్లోనూ అంతే. తండ్రి సంయోగబీజం నుంచి 23 క్రోమోసోములు, తల్లి సంయోగబీజం నుంచి 23, కలిపి 46. ఒకరు ఇచ్చేవారు, ఒకరు పుచ్చుకొనేవారు అన్న తేడా మాటల్లో వుంది గాని, ఈ లెక్కలో లేదు. పుట్టేది అమ్మాయైనా, అబ్బాయైనా లెక్క ఇదే.

ఇక మీ వంతు. ‘మోనో’ అంటే ఒకటి, ‘పాలీ’ అంటే అనేకం. మరి మోనోగమీ, పాలీగమీ అంటే ఏమిటో నిఘంటువు తెరవకుండా చెప్పగలరా?