భయానికి లెక్క కడదాం

ఒక అక్క సంగతి చూద్దాం. టౌనులో ఒక టైలరు షాపులో ఆమె జాకెట్లు కుడుతుంది. జీతం నెలకు 9,000 రూపాయలు. పొద్దున తొమ్మిదింటికి వెళ్తే ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. ఇంట్లో పెళ్ళినాటి కుట్టుమిషను ఉంది. షాపు మానేసి ఇంట్లోనే కుట్టాలని ఆమె కోరిక. కానీ భయం.

అత్తగారు ఊరుకోలేదు. "ఒకటో తారీకున చేతిలో పడే డబ్బు. కాలదన్నుకుంటావా? రేపు ఎవరూ గుడ్డ తేకపోతే ఏం తింటాం?" అంది.

అత్తగారి మాట తప్పు కాదు. "ధైర్యం తెచ్చుకో" అని చెప్పడం తేలిక. చెప్పినవాళ్ళు బియ్యం కొనిపెట్టరు కదా! అందుకని ధైర్యం సంగతి పక్కన పెడదాం. నోటుబుక్కు తీద్దాం.

ముందు జీతం లెక్క. షాపుకు వెళ్ళి రావడానికి రోజుకు ఆటోకు 40 రూపాయలు. నెలకు 25 రోజులు పని. అంటే 1,000 రూపాయలు ఆటోకే పోతున్నాయి. ఇంటికి చేరేది 8,000. ఆమె వదులుకునేది 8,000 రూపాయలే. 9,000 కాదు.

ఇప్పుడు జాకెట్టు లెక్క. లైనింగు జాకెట్టుకు 240 రూపాయలు తీసుకుంటుంది అనుకుందాం. లైనింగు గుడ్డకు 65, దారానికీ హుక్కులకూ 10, కరెంటుకూ నూనెకూ 5. ఖర్చు 80 పోతే మిగిలేది 160. నెలకు 50 జాకెట్లు కుడితే 8,000 వస్తాయి. రోజుకు రెండు.

రోజుకు రెండు కుట్టడం ఆమెకు కష్టం కాదు. రోజుకు రెండు గుడ్డలు వస్తాయా? అదీ భయం.

అది ఊహతో తేలదు. అందుకే ఆమె వెంటనే షాపు మానలేదు. మూడు నెలలు ఆదివారాలూ, రాత్రిళ్ళూ ఇంట్లో కుట్టింది. ప్రతి జాకెట్టూ పుస్తకంలో రాసింది. మొత్తం 31 కుట్టింది. చోటు లేక వెనక్కి పంపినవి ఇంకా ఉన్నాయి. పని దొరుకుతుందని తేలింది. కానీ పుస్తకం ఇంకో సంగతి చెప్పింది. 9 జాకెట్లకు డబ్బు రాలేదు. "పండక్కి ఇస్తాలే వదినా" అన్నవాళ్ళే అందరూ. 2,160 రూపాయలు అలా ఉండిపోయాయి. ఇంటి దగ్గర పని ఇలా కూడా మునగవచ్చు. గిరాకీ ఉన్నా, ఉద్దర వల్ల.

అయినవాళ్ళను డబ్బు అడగాలంటే నోరు రాదు. ఆమె ఒక మాట నేర్చుకుంది. "లైనింగు తేవాలి పిన్నీ, సగం ముందు ఇవ్వండి." ఇలా అడిగితే ఎవరూ తప్పు పట్టలేదు.

ఇక పని లేని నెలలు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు. మూఢంలోనూ అంతే. అప్పుడు నెలకు 20 జాకెట్లే వస్తే 3,200 రూపాయలు. 4,800 తక్కువ పడతాయి.

ఈ ఇబ్బంది కుట్టుపనికే కాదు. లిజ్జత్ అప్పడం పేరు వినే ఉంటారు. 1959లో బొంబాయిలో ఏడుగురు ఆడవాళ్ళు 80 రూపాయలు అప్పు తెచ్చి ఆ పని మొదలుపెట్టారు. మొదటి రోజు చేసినవి నాలుగు ప్యాకెట్లు. మొదటి ఏడు వానాకాలంలో అప్పడాలు ఎండలేదు. నాలుగు నెలలు పని ఆపేశారు. మరుసటి ఏడు ఒక మంచం, ఒక స్టవ్వు కొన్నారు. మంచం మీద అప్పడాలు పరిచి, కింద స్టవ్వు పెట్టి ఆరబెట్టారు. వాన వస్తుందని ముందే తెలుసు కనుక ముందే ఏర్పాటు చేసుకున్నారు.

మన అక్క కూడా అలాగే చేసింది. రెండు నెలల లోటు, అంటే 9,600 రూపాయలు, పోస్టాఫీసులో చేరేదాకా షాపు మానలేదు. అందుకు ఇంకో ఆరు నెలలు పట్టింది. మానే ముందు షాపు యజమానికి నెల రోజుల ముందుగా చెప్పింది. పెళ్ళిళ్ళ రోజుల్లో ఎక్కువైన గుడ్డలు ఆయన ఇప్పుడు ఆమెకే పంపుతున్నాడు.

మిషను లేనివాళ్ళు సంఘంలో అప్పు తీసుకోవచ్చు. బ్యాంకులో ముద్ర అప్పు అడగవచ్చు. 2015లో వచ్చిన ఆ పథకంలో శిశు అనే రకం కింద 50,000 దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. నెల నెలా కట్టే వాయిదాను కూడా ఖర్చులో రాయాలి.

లెక్క చేయండి:

ఎదురింటావిడ "220కి కుట్టు" అని బేరమాడింది. అందరికీ అదే ధర ఇస్తే జాకెట్టుకు మిగిలేది ఎంత? 8,000 రావాలంటే నెలకు ఎన్ని జాకెట్లు కుట్టాలి?